మూడుసార్లు కడిగిన గ్లాసు

ఆ ఎండాకాలం ఊరికి వేరే పని లేదు. మా వదిన కోర్టులో ఏం చెప్పింది, ఎలా నిలబడి చెప్పింది, చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకుందా లేదా, ఇదే పని. నాకు మాత్రం దానితోపాటు యూనిఫారాల పని కూడా ఉంది. బడులు తెరవడానికి ఐదు వారాలే ఉంది. నూట ఎనభై జతలు కుట్టాలి. నీలం గుడ్డ కత్తిరించీ కత్తిరించీ నా గోళ్ళు కూడా నీలంగా మారాయి.

అన్నయ్య చనిపోయి అప్పటికి ఏడు నెలలు. సైనైడ్. మాది గిల్టు నగలకు పూత వేసే ఇల్లు. నాన్న పోయాక పెరట్లో ఉన్న వర్క్‌షాపు అన్నయ్య ఒక్కడే నడిపాడు. పూత నీళ్ళలో ఆ సైనైడ్ ఉప్పు కలపకుండా పని జరగదు, అది పొట్టలోకి పోతే మనిషి మిగలడు. ఆ రోజు వదిన కెటిల్‌తో టీ తీసుకెళ్ళింది. అన్నయ్య గ్లాసులో పోసుకు తాగాడు. అంతే. గ్లాసులో విషం ఎలా పడిందన్నదే కేసు. వదినే వేసిందని పోలీసులు అన్నారు, వాళ్ళకంటే ముందు మేమన్నాం.

నాకు వదినంటే మొదటినుంచీ పడదు. ఉన్నమాట చెప్పడానికి మొహమాటం ఎందుకు? ఆడబిడ్డ కుట్టు షాపు పెట్టుకుని వీధి చివర కూర్చుని ఉంటే, తన బట్టలు పక్కవీధి టైలర్‌కి ఇచ్చి కుట్టించుకునేది. "నీ చేతికి భుజాలు సరిగా కుదరవు" అని అమ్మ ముందే అంది ఒకసారి. పదకొండేళ్ళయింది ఆ మాట అని. నేను మర్చిపోలేదు.

అందుకే సాక్ష్యానికి పిలిచినప్పుడు ఇస్త్రీ బట్టలు వేసుకుని మరీ వెళ్ళాను. ప్రభుత్వ లాయరు మంచి మాటకారి. అవీ ఇవీ అడిగి చివర్లో అడిగాడు.

"ఎంగిలి గ్లాసు వెంటనే కడిగేసే అలవాటు మీ ఇంట్లో ఉందామ్మా?"

"మా ఇంట్లోనా?" అన్నాను. "మా వదిన ఉన్న ఇంట్లో గిన్నెలు మర్నాటిదాకా సింకులో నానుతాయండీ."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా పెన్ను పట్టుకున్న చేత్తో మూతి దాచుకున్నారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. మర్నాడు పేపర్లో ఆ మాట పెద్ద అక్షరాల్లో పడితే, తాళాలాయన కత్తిరించి నా షాపు అద్దానికి అంటించాడు. తాళాలాయన అంటే నా పక్క బంకులో మారుతాళాలు చేసే మనిషి. ఊళ్ళో ఏ విషయమైనా ఆయన నోట పడ్డాకే పూర్తవుతుంది.

వదిన సాక్ష్యం రెండు వారాల తర్వాత. అమ్మా నేనూ ముందు వరసలోనే కూర్చున్నాం. వదిన బోనులో నిలబడింది. చిక్కిపోయింది. భుజాల దగ్గర జాకెట్టు జారిపోతోంది. పక్కవీధి వాడి కుట్టే, చూడగానే తెలిసింది.

"ఉప్పు కొలిచే మగ్గు పగిలిపోయింది" అంది వదిన. "నెలరోజులుగా ఆయన ఉప్పు టీ గ్లాసుతోనే కొలుస్తున్నారు. వద్దని చెప్పాను. వినలేదు. ఆ రోజు నేను కెటిల్ పెట్టి పక్కకు తిరిగాను. ఆయన చేతికందిన గ్లాసులో పోసుకున్నారు. రెండు గ్లాసులూ ఒకలాంటివే."

"తర్వాత?" అంది వదిన తరఫు లాయరమ్మ.

"తాగారు. ఒరిగిపోయారు."

"అప్పుడు మీరు ఏం చేశారు?"

వదిన కొంచెం ఆగింది. "ఆయన చేతిలో గ్లాసు తీసుకున్నాను. గుమ్మం బయట పంపు దగ్గర కడిగాను. మూడుసార్లు. బోర్లించాను. తర్వాత అరిచాను."

హాల్లో ఎవరో "అమ్మో!" అన్నారు. ప్రభుత్వ లాయరు తొందరపడలేదు. బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, "మొగుడు నేలమీద కొట్టుకుంటున్నాడు. మీరు గ్లాసు కడిగారు. మూడుసార్లు. ఎందుకమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లో అంతే. మామయ్యగారు అలా నేర్పారు."

"చనిపోయిన మామగారా?"

"అవును."

లాయరు ఇంకో కాగితం తీసి నా మాట చదివాడు. గిన్నెలు, సింకు, మర్నాడు, అంతా. జనం మళ్ళీ నవ్వారు. అందరూ నావైపు చూశారు. వదిన కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు. 'నీకు తెలుసుగా' అన్నట్టుంది. నాకు ఒళ్ళు మండింది. చచ్చిపోయిన మా నాన్నను కూడా తన అబద్ధానికి సాక్ష్యం తెచ్చుకుందే అనుకున్నాను.

'మూడుసార్లు' అన్నప్పుడు మాత్రం లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంది. పట్టించుకోలేదు.

ఇక ఆ రోజునుంచీ చూడాలి తమాషా. వదిన పేరు 'గ్లాసావిడ' అయిపోయింది. పేపర్లు ఆవిడ సాక్ష్యం ప్రశ్నా జవాబులుగా అచ్చువేశాయి. జనం చేతిలో పట్టుకుని తిరిగారు. టీవీలో నలుగురు కూర్చుని, ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని గంటలకొద్దీ వాదించుకున్నారు. ఒక డాక్టరు లేచి, నిజంగా షాక్‌లో ఉన్న మనిషి లెక్కపెట్టి కడగలేదని తేల్చేశాడు. బస్టాండు దగ్గర టీ బంకువాడైతే ప్రతి గ్లాసూ పైకెత్తి "మూడుసార్లు కడిగాను బాబూ, చూసుకుని తాగండి!" అని అరిచేవాడు. వ్యాపారం పెరిగింది వాడికి.

నా షాపులో వేరే సభ. గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కూర్చుని పోయేవాళ్ళు.

"మా ఆయన ఇప్పుడు టీ తనే పెట్టుకుంటున్నాడు తెలుసా" అంది ఒకావిడ.

"మంచిదేగా! ఇన్నాళ్ళకు మీకు రెస్ట్" అన్నాడు తాళాలాయన. "ఆ గ్లాసావిడ పుణ్యమా అని ఊళ్ళో మగాళ్ళంతా బాగుపడుతున్నారు."

యూనిఫారాలు ఆర్డరిచ్చిన బడి టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నవ్వులాట కాదు. కన్నీళ్ళు పెట్టుకోలేదు చూశారా? ఒక్క చుక్క కూడా! నేను ముప్ఫై ఏళ్ళుగా పిల్లల అబద్ధాలు వింటున్నాను. అబద్ధం చెప్పేవాళ్ళే అలా తడుముకోకుండా చెప్తారు."

"తడుముకుంటే?" అన్నాడు తాళాలాయన.

"తడుముకున్నా అబద్ధమే."

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఉరి ఖాయమని ఒకరు, కాదు యావజ్జీవమని ఒకరు. నేను కత్తెర ఆడిస్తూ, "ఏదైనా సరే, నేను మాత్రం చూడ్డానికి వెళ్తాను" అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు.

వదిన తరఫు లాయరమ్మ ఒకరోజు ఇంటికొచ్చింది. చిన్నపిల్ల, నల్లకోటు ఆమెకు రెండు సైజులు పెద్దది. వర్క్‌షాపులో గ్లాసుల గురించి ఏదైనా కట్టుబాటు ఉండేదా అని అమ్మను అడగాలంది. అమ్మ తలుపు సగమే తెరిచింది.

"మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన్ని లేపి అడుగు పో" అని మొహం మీదే తలుపేసింది.

నేను లోపల కాజాలు కుడుతున్నాను. విన్నాను. లేవలేదు.

తీర్పుకు ఇంకా మూడు వారాలుందనగా పోలీసులు వర్క్‌షాపు తాళం మాకు తిరిగిచ్చారు. విషం సీసాలన్నీ వాళ్ళే తీసుకెళ్ళారు. మిగిలిన సామాను సర్దేసి గది ఖాళీ చేద్దామని అమ్మ పట్టుబట్టింది. పట్టపగలు, ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల అంతా అలాగే ఉంది. నాన్న కూర్చునే ఎత్తు స్టూలు, తీగలు వేలాడే తొట్టెలు, రాగి తొడుగులు. కిటికీ అరుగు మీద పిడి ఊడి నిలువునా పగిలిన పింగాణీ మగ్గు కూడా ఉంది. మగ్గు పగిలిందని వదిన చెప్పింది నిజమేనన్నమాట. మగ్గు పగిలినంత మాత్రాన ఆవిడ దేవత అయిపోతుందా అనుకుని తొట్టెలు తోముతూ కూర్చున్నాను.

అమ్మ దాహమేసి ఇంట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుంది. లోపల నిలబడి సగం తాగింది. మళ్ళీ బయటికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. నుదురు మెట్టుకు కొట్టుకుంది. చప్పుడుకు తిరిగి చూశాను. పరిగెత్తాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నా మాటల్లో చెప్తాను, కానీ చేసేటప్పుడు నాకు తెలియదు. అమ్మ పక్కన ఒంగాను. అమ్మ చేతిలో గ్లాసుంది. తీసుకున్నాను. అమ్మను దాటి గుమ్మం బయట పంపు దగ్గరికి వెళ్ళాను. తిప్పాను. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. గోడ అంచున బోర్లించాను. అప్పుడు "అమ్మా!" అని అరిచాను.

వెనక్కి తిరిగేసరికి అమ్మ కళ్ళు తెరిచి ఉంది. నుదుటి నుంచి రక్తం కనుబొమ్మ మీదికి కారుతోంది. నన్ను చూడటం లేదు. గోడ మీద బోర్లించిన గ్లాసును చూస్తోంది.

"నువ్వూ కడిగావే" అంది.

నా చేతులు తడిగా ఉన్నాయి. కొంగుకు తుడుచుకున్నాను.

నాకు ఐదేళ్ళప్పుడు వర్క్‌షాపు గ్లాసు ఒకటి అరుగు మీద పెట్టి ఉంటే ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నానట. నాన్న గాల్లోనే లాక్కున్నాడు. ఆ సాయంత్రమే కట్టుబాటు పెట్టాడు. ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిన గ్లాసు ఎవరి చేతిలో ఉన్నా, ఇల్లు తగలబడుతున్నా సరే, ముందు కడగాలి. మూడుసార్లు. బోర్లించాలి. అన్నయ్య ఒకసారి ఆడుకుంటూ మర్చిపోతే నాన్న బెల్టు తీశాడు. వదిన కొత్తగా వచ్చిన రోజున, ఇంకా పెట్టె కూడా తెరవకముందే, ఆవిడ చేతికి గ్లాసిచ్చి పంపు దగ్గర నిలబెట్టి నేర్పించాడు. నేను పక్కనే ఉన్నాను. మూడోసారి సరిగా కడగలేదని నేనే నవ్వాను కూడా.

ఇంట్లో గిన్నెలు మర్నాటిదాకా నానుతాయి, నిజమే. లాయరు ఇంటి సంగతి అడిగాడు, నేను ఇంటి సంగతే చెప్పాను. వర్క్‌షాపు సంగతి అప్పుడు గుర్తు రాలేదని ప్రమాణం చేసి మాత్రం చెప్పలేను.

నుదుటికి నాలుగు కుట్లు వేయించి అమ్మను ఇంటికి తెచ్చాను. మంచం మీద కూర్చోబెట్టగానే నా మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడా అనకు."

"ఏమిటమ్మా?"

"నంగనాచిలా అడక్కు. నీకు తెలుసు."

"అమ్మా, ఆవిడకు ఉరి వేస్తారేమో."

"వెయ్యనీ!" అమ్మ గొంతు పగిలిపోయింది. "అది కాకపోతే మరెవరు? చెప్పు. వాడే అనాలా? తండ్రి బెల్టు తీసి మరీ నేర్పిన మాట పెడచెవిన పెట్టి, టీ తాగే గ్లాసుతో విషం కొలిచి, తన చేతులారా తనే తాగాడని అనాలా? నా కొడుకు తెలివితక్కువ చావు చచ్చాడని ఊరంతా అనుకోవాలా?"

తప్పు వదినదే కావాలని నాకూ ఉంది. ఏడు నెలలుగా అన్నయ్య గురించి ఏడవడానికి బదులు వదినను తిట్టాను. తిడుతున్నంతసేపూ ఏడుపు రాలేదు. ఇప్పుడు తిట్టడానికి నోరు రావడం లేదు. అమ్మ పక్కన కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. అమ్మ నా మణికట్టు వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది.

రెండు రోజులు ఆగాను. కుడుతున్న చొక్కాకు కాలరు తిరగేసి వేశాను, విప్పాను, మళ్ళీ తిరగేసే వేశాను. మూడో రోజు పొద్దున్నే లాయరమ్మ ఆఫీసుకు వెళ్ళాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది, తిట్టడానికి వచ్చాననుకుని.

రెండోసారి బోనెక్కినప్పుడు నవ్వేవాళ్ళెవరూ లేరు. అంతా చెప్పాను. నాన్న, బెల్టు, పంపు, పగిలిన మగ్గు, అమ్మ పడటం, నా చేతులు. ప్రభుత్వ లాయరు దగ్గరికొచ్చాడు. ఈసారి 'అమ్మా' లేదు.

"ఇంత ముఖ్యమైన విషయం మొదటిసారి ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఇంటి గురించి అడిగారు."

"వర్క్‌షాపు గురించి అడిగుంటే చెప్పేవారా?"

"చెప్పేదాన్ని కానేమో."

"ఎందుకని?"

"నాకు ఆవిడంటే ఇష్టం లేదండీ."

"ఓహో. ఇప్పుడు ఇష్టం పుట్టుకొచ్చిందా?"

"ఇప్పుడూ లేదు" అన్నాను.

జడ్జిగారు తలెత్తి నన్ను చూశారు. తర్వాత ఆ మాట రాసుకున్నారు. లాయరు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. వదిన మాత్రం ఈసారి నావైపు చూడలేదు.

షాపుకు వచ్చేసరికి తాళాలాయన అద్దం మీది పేపరు ముక్క చింపేస్తున్నాడు. జిగురు పట్టిన చోట సగం కాగితం అలాగే ఉండిపోయింది.

"ఎంతకు అమ్ముడుపోయావు?" అన్నాడు నా మొహం చూడకుండా.

"నీ తాళాల మీద ఒట్టు, ఒక్క గుండీ కూడా తీసుకోలేదు" అన్నాను. అంతకుముందైతే నవ్వేవాడు. బంకు రేకు దించేసుకున్నాడు.

మర్నాటి పేపర్లో 'ఆడబిడ్డ మాట మార్చింది' అని వచ్చింది. టీవీలో అదే డాక్టరు నా మీద కూడా గంట మాట్లాడాడు. టీచరమ్మ మనిషిని పంపి, కుట్టినవి కుట్టినట్టు, కుట్టనివి కుట్టనట్టు నూట ఎనభై జతల గుడ్డా వెనక్కి తెప్పించుకుంది. తను రాలేదు. గుండీలు కుట్టమని చొక్కా ఇచ్చినావిడ గుండీలు లేకుండానే దాన్ని పట్టుకుపోయింది. ఎవడో షట్టరు మీద సుద్దతో గ్లాసు బొమ్మ గీశాడు. తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ గీశాడు. వాడికీ వేరే పని లేదు.

అమ్మ ఇంట్లోనే ఉంది, నాతోనే ఉంది, కానీ మాట్లాడటం మానేసింది. నేను వండింది తింటుంది. నేనిచ్చిన నీళ్ళు తాగదు. తన గ్లాసు తనే ముంచుకుంటుంది, తాగి, తనే కడిగి, మంచం కిందికి తోసేస్తుంది. ఒక్కసారే కడుగుతుంది. నాకు వినబడేలా.

బడులు తెరిచిన వారంలో తీర్పు వచ్చింది. అనుమానం మిగిలే ఉందనీ, దాని ప్రయోజనం ముద్దాయికే చెందాలనీ జడ్జిగారు వదినను వదిలేశారు. కోర్టు బయట జనం ఆవిడ ఎక్కిన ఆటో మీద టీ గ్లాసులు విసిరారు. ఆ గదిలో నిజంగా ఏం జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ గ్లాసు ఎందుకు కడిగిందో మాత్రం తెలుసు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం, ఖాళీ షాపులో మిషన్‌కు నూనె వేస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. వదిన. చేతిలో గుడ్డసంచి.

"పక్కవీధి వాడు కొలత తియ్యనన్నాడు" అంది. "నన్ను ముట్టుకోడట."

"రా" అన్నాను.

సంచిలోంచి మూడు జాకెట్లు తీసి బల్ల మీద పెట్టింది. టేపు తీసుకుని వెనక నిలబడ్డాను. భుజం, ఛాతీ, నడుము. నడుము దగ్గర నాలుగంగుళాలు తగ్గాలి. సుద్దతో గుర్తు పెడుతుంటే వీపు ఎముకలు చేతికి తగిలాయి. అన్నయ్య ఉండగా ఈ మనిషిని ఇంత దగ్గరగా నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"అసలేం జరిగింది వదినా ఆ రోజు?" అన్నాను. వెనకనుంచి అడగడం తేలికైంది.

"కోర్టులో చెప్పాను. ముందు వరసలో కూర్చున్నావుగా."

"నేను నీకోసం..."

"నాకోసం చెప్పానని మాత్రం అనకు" అంది. ఇటు తిరిగింది. "మొదటిరోజే చెప్పుంటే నాకోసం. మీ అమ్మకు నాలుగు కుట్లు పడ్డాక చెప్పింది నీకోసం. నేను నీకు థ్యాంక్స్ చెప్పను. భుజాలు మాత్రం జాగ్రత్తగా చూడు. నీకు భుజాలు కుదరవు."

పదకొండేళ్ళ కోపం గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. నిలబడే తాగింది, గుక్క తిప్పుకోకుండా. తాగేసి, గ్లాసు పట్టుకుని, షాపు మూలన ఉన్న పంపువైపు చూసింది. ఒక అడుగు కూడా వేసింది. అక్కడే ఆగిపోయింది.

నేను చెయ్యి చాచాను. "ఇటివ్వు, నేను కడుగుతాను."

"అక్కర్లేదు" అంది. కత్తిరింపు బల్ల మీద, నా ముందు, గ్లాసు పెట్టేసింది. అడుగున ఇంకా రెండు చుక్కల నీళ్ళున్నాయి.

"ఇది వర్క్‌షాపు కాదుగా. నువ్వే చెప్పావు, మన ఇంట్లో మర్నాటిదాకా నానుతాయని."

సంచి మడిచి చంకలో పెట్టుకుని, శనివారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నేను భుజాల కుట్లు విప్పడం మొదలుపెట్టాను. గ్లాసు మర్నాటిదాకా అక్కడే ఉంది.